డాక్టర్లను కూడా అడగండి

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల వైద్య ఆరోగ్య శాఖల కార్యదర్శులకు,



ప్రభుత్వాసుపత్రికి వచ్చిన రోగి తృప్తిగా వెళ్ళాడో లేదో తెలుసుకోవడానికి 2016 నుంచి 'మేరా అస్పతాల్' ఉంది. డాక్టరు ఎప్పుడొచ్చాడో చెప్పడానికి ముఖ హాజరు ఉంది. ఎన్ని ఓపీలు చూశారో, ఎన్ని సిజేరియన్లు చేశారో నెలనెలా మీ టేబుల్ మీదికి వస్తుంది. ఆ పని చేసే మనిషి ఎలా ఉన్నాడన్న గడి మాత్రం, ఇన్నేళ్ళ సర్వీసులో మేం నింపి పంపిన ఏ నివేదికలోనూ నాకు కనబడలేదు.

నియమం లేక కాదు. జాతీయ నాణ్యతా ప్రమాణాల్లో జీ2 అన్నది రోగుల సంతృప్తితో పాటు ఉద్యోగుల సంతృప్తినీ తెలుసుకునే ఏర్పాటు ఉండాలంటుంది. నేను పనిచేసిన ఒక ఆసుపత్రిలో ఆ ఏర్పాటు ఇలా జరిగింది: అసెసర్లు రావడానికి కాస్త ముందు ఒక ఫారం పంచారు. పేరు, హోదా రాసి, సంతకం చేసి, సూపరింటెండెంటు ఆఫీసులోనే ఇవ్వాలి. ప్రొబేషన్ ఇంకా డిక్లేర్ కాని అసిస్టెంట్ ప్రొఫెసరు అందులో ఏం రాస్తారు? టిక్కులన్నీ 'బాగుంది' దగ్గరే పడ్డాయి. ఫైలు తయారైంది.

అసలు ఉద్యోగి తృప్తి ఒక్క ప్రశ్నతో తేలేది కాదు. పనిలో తృప్తినిచ్చేవి వేరు, విసుగు పుట్టించేవి వేరు అని హెర్జ్‌బర్గ్ అనే మనస్తత్వవేత్త 1959లోనే చెప్పాడు. లేబర్ రూములో రోజూ కనబడేది అదే. కాన్పు తర్వాత రక్తస్రావం ఆగక చావు అంచు దాకా వెళ్ళిన తల్లి తెల్లారేసరికి కళ్ళు తెరిస్తే, ఆ రాత్రి డ్యూటీలో ఉన్న పీజీకి కలిగే తృప్తి నిజం. బ్లడ్ బ్యాగు కోసం తనే పరుగెత్తడం, నెలల తరబడి స్టైపెండ్ పడకపోవడం, బయట గుమిగూడిన బంధువులకు ఒంటరిగా జవాబు చెప్పుకోవడం కూడా అంతే నిజం. రెండూ కలిపి సగటు తీస్తే అయిదుకు మూడు వస్తుంది. ఆ మూడు మీకేమీ చెప్పదు. పైగా, పని మీద ఇష్టంతో ఎంతైనా భరిస్తున్న వాళ్ళని 'సంతృప్తులు' అని రాసేసుకునే ప్రమాదం ఉంది.

అందుకే విడివిడిగా, సూటిగా అడగండి. పోయిన వారం ఎన్ని గంటలు పనిచేశారు? రెసిడెంట్లకు వారానికి 48 గంటలు, ఏకబిగిన 12 గంటలు మించకూడదని 1992 నాటి కేంద్ర రెసిడెన్సీ పథకం చెబుతుంది. 2024లో జాతీయ వైద్య కమిషన్ టాస్క్‌ఫోర్స్ వారానికి 74 గంటలు దాటొద్దని సిఫారసు చేసింది. ఈ రెండు అంకెల మధ్య మన వార్డు ఎక్కడుందో, లేక రెండింటినీ దాటిపోయిందో వార్డులో ఉన్నవాళ్ళే చెప్పగలరు. రాత్రి కాసేపు నడుం వాల్చే గదికి లోపల గడియ ఉందా? కోల్‌కతా ఆర్.జి. కర్ ఆసుపత్రిలో డ్యూటీ డాక్టరుపై జరిగిన ఘోరం తర్వాత ఈ ప్రశ్న అడక్కుండా ఏ సర్వే అయినా ఎలా పూర్తవుతుంది?

మన తెలుగు డాక్టర్లు ఎందరో పనిచేస్తున్న ఇంగ్లండ్ ఎన్‌హెచ్‌ఎస్‌లో 2003 నుంచి ఏటా సిబ్బంది సర్వే జరుగుతోంది. ఆసుపత్రులు నడిపే ఒక్కో ట్రస్టు ఫలితాలు పేరుతో సహా అందరికీ తెలుస్తాయి. మీ బంధువుకో స్నేహితుడికో జబ్బు చేస్తే ఇక్కడి వైద్యం మీకు సమ్మతమేనా అని కూడా అడుగుతారు. అలాగని ఆ వ్యవస్థ కష్టాలు తీరిపోలేదు, అక్కడి జూనియర్ డాక్టర్లు సమ్మెలకు దిగారు. కానీ అసంతృప్తి ఎక్కడ ఎంత ఉందో తెలియదని అక్కడి ప్రభుత్వం అనలేదు.

మన దగ్గర సర్వే బయటి సంస్థ చేయాలి. పేరు, సంతకం ఉండకూడదు. అనస్థీషియాలో నలుగురే ఉన్నచోట విభాగం పేరు అడిగినా మనిషి దొరికిపోతాడు కాబట్టి అలాంటి చిన్న విభాగాలను జిల్లా మొత్తం మీద కలిపి చూపాలి. రాజీనామా చేసి వెళ్ళిపోయిన వాళ్ళనీ వెతికి అడగాలి, ఉన్నవాళ్ళనే అడిగితే సగం కథే తెలుస్తుంది.

అడిగితే జీతాలు పెంచమంటారన్న జంకు వద్దు. సెలవు వేళకు మంజూరు కావడం, డ్యూటీ చార్టు ముందుగా తెలియడం, గొడవ జరిగిన రాత్రి పై అధికారి ఫోనెత్తడం, వీటికి బడ్జెట్ అక్కర్లేదు.

ఈ ఏడాదే గైనిక్, క్యాజువాల్టీలతో మొదలుపెట్టండి. ప్రశ్నలు రాసేటప్పుడు పీజీలను కూడా కూర్చోబెట్టండి. ఫలితాలు వచ్చిన మూడు నెలల్లోపు ఏం మార్చారో ఆసుపత్రి నోటీసు బోర్డు మీద పెట్టించండి. అది జరక్కపోతే రెండో ఏడు ఎవరూ ఫారం నింపరు.

ఇట్లు,
ఒక ప్రభుత్వ బోధనాసుపత్రి డాక్టరు