సలహా వాళ్ళది, నష్టం మనది

పరాయి దేశం సాయం చేసిందనగానే మనకు బడి, మంచినీళ్ళ బావి, ఆసుపత్రి గుర్తుకొస్తాయి. కానీ ఆ డబ్బులో ఒక భాగం ఎన్నడూ ఊరి పొలిమేర తొక్కదు. అది ఆర్థిక నిపుణుల ఫీజు. దాత దేశం తన ఖజానాలోంచి తీసి తన కన్సల్టెంట్లకే చెల్లించినా, లెక్కల్లో మాత్రం అది మనకిచ్చిన సాయమే!

ఇది మనకు అనుభవంలో ఉన్న సంగతే. 1999లో మెకిన్సీ కంపెనీ తోడ్పాటుతో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ‘విజన్ 2020’ తయారు చేసింది. సంస్కరణలకు ప్రపంచబ్యాంకు అప్పు, బ్రిటన్ అంతర్జాతీయాభివృద్ధి శాఖ గ్రాంటు తోడయ్యాయి. ప్రభుత్వరంగ సంస్థల్ని అమ్మడానికీ, మూయడానికీ బ్రిటన్ సాయంతో నిపుణులు వచ్చారు. వారిని పంపింది ఆడమ్ స్మిత్ ఇన్‌స్టిట్యూట్ కన్సల్టెన్సీ విభాగం. ఉద్యోగాలు పోయేవారికి ‘స్వచ్ఛంద’ పదవీ విరమణ పథకం పెట్టారు. మూతపడుతున్న ఫ్యాక్టరీలో స్వచ్ఛందం ఎక్కడిది?

నష్టాల సంస్థల్ని ఎంతకాలం మోస్తారని నిపుణులు అడుగుతారు. అడగవలసిన ప్రశ్నే. అయితే ఆ నష్టాన్ని ఎక్కడ కొలుస్తున్నారు? భర్త ఉద్యోగం పోతే భార్య రెండు చోట్ల పనికి వెళుతుంది. ఆడపిల్ల చదువు ఆగుతుంది. ఆసుపత్రిలో ఫీజు పెడితే రోగి సేవ ఇంటి ఆడవాళ్ళ మీద పడుతుంది. ఖర్చు మాయం కాలేదు, ఖాతా మారిందంతే. కూలి లేని మన చాకిరీకి వాళ్ళ పట్టికల్లో గడి లేదు. కాబట్టే వాళ్ళ లెక్క ఎప్పుడూ లాభమే చూపిస్తుంది.

అడిగితే మన స్త్రీలు చెప్పలేరా? 2001లో మెదక్ జిల్లా జహీరాబాద్ దగ్గర అల్గోల్‌లో ‘ప్రజాతీర్పు’ జరిగింది. జ్యూరీలో ఎక్కువమంది చిన్న, సన్నకారు రైతులు. సగానికి పైగా స్త్రీలు. వ్యవసాయం మీద బతికేవారిని 70 శాతం నుంచి 40 శాతానికి తగ్గించాలన్న ఆలోచనను, కూలీల పని పోగొట్టే యంత్రాలను, జన్యుమార్పిడి పంటలను వారు తిరస్కరించారు. విత్తనం మీద తమ అదుపు ఉండాలన్నారు. అప్పుడు బ్రిటన్ అధికారులు ఆ నివేదిక పద్ధతినే తప్పు పట్టారు! మెకిన్సీని ఏ పద్ధతిలో మన ఊళ్ళను అడిగారని మాత్రం ఎవరూ ప్రశ్నించలేదు. చెప్పేవాడికి వినేవాడు లోకువ.

2014లో బ్రిటన్ చట్టం చేసింది: సాయం ఇచ్చేముందు స్త్రీ పురుష అసమానత తగ్గించడాన్ని దృష్టిలో పెట్టుకోవాలని. మంచిదే. 2015తో భారత్‌కు మామూలు గ్రాంట్లు ఆపి, సాంకేతిక సలహా కొనసాగిస్తామంది. అంటే డబ్బు పోయినా సలహా పోలేదు. మరి ఆ చట్టం సలహాకు వర్తించదా?

మనం అడగవలసినవి మూడు. సాయం పేరిట వచ్చే ప్రతి సలహా నివేదిక, దాని ఫీజుతో సహా, తెలుగులో బయటపెట్టాలి. అమలుకు ముందే స్త్రీల చాకిరీపై దాని భారాన్ని లెక్కగట్టి మహిళా సంఘాల ముందు పెట్టాలి. సలహా బెడిసికొడితే ఇచ్చినవారూ జవాబుదారీ వహించాలి.

మన స్వచ్ఛంద సంస్థలు కూడా ఒకటి గుర్తుంచుకోవాలి. అదే సాయంలోంచి మనకూ ప్రాజెక్టులు వస్తాయి. ఆ కృతజ్ఞతతో నోరు మూసుకుంటే, రేపు ఊళ్ళో ఆడవాళ్ళు అడిగే ప్రశ్నకు మనమే జవాబు చెప్పుకోవాలి.