ఆదాయం, వ్యయం, అవమానం

పంచాంగ శ్రవణంలో మనమంతా చెవులు రిక్కించేది ఒక్క చోటే: మన రాశికి ఆదాయమెంత, వ్యయమెంత, రాజపూజ్యమెంత, అవమానమెంత. మొన్న ఉగాది వేడుకలో పంతులుగారు ఒక రాశికి ఆదాయం 2, వ్యయం 14 అనగానే హాలంతా నవ్వింది. నా పక్కన కూర్చున్న మిత్రుడు మాత్రం నవ్వలేదు. పులిహోర ప్లేటు చేతిలో ఉండగానే నన్ను పార్కింగ్ లాట్‌కి తీసుకెళ్లి, కారులోంచి మూడు కవర్లు తీశాడు. మూడూ అమెరికా పన్నుల శాఖ ఐఆర్‌ఎస్ నుంచి వచ్చినవే. ఒక్కటీ చింపలేదు.

"ఇంట్లో పెడితే మీ మరదలు చూస్తుందన్నా" అన్నాడు.

కవరు మీద ఆవిడ పేరూ ఉంది. జాయింట్‌గా ఫైల్ చేసిన రిటర్న్ మీద బకాయి పడితే భార్యాభర్తలిద్దరూ మొత్తానికీ బాధ్యులే. ఆవిడ సొంత అప్పు సంగతి ఆవిడకే తెలియకుండా దాస్తున్నాడన్నమాట.

అతను చేసిన తప్పు పెద్దదేమీ కాదు, మనలో చాలామందికి జరిగేదే. ఆర్‌ఎస్‌యూలు, అంటే కంపెనీ జీతంతో పాటు ఇచ్చే షేర్లు, చేతికొచ్చినప్పుడు కంపెనీ సాధారణంగా 22 శాతమే పట్టుకుంటుంది. ఇద్దరి జీతాలూ కలిసి 32 శాతం శ్లాబులో ఉంటే మిగతా పది శాతం ఏప్రిల్ దాకా మన చేతిలోనే ఉన్నట్టు కనిపిస్తుంది. అతనా డబ్బు ఇంటి డౌన్ పేమెంట్‌లో పెట్టేశాడు. నిరుడు రిటర్న్ వేశాడు గానీ పన్ను కట్టలేదు. ఈ ఏడాది కట్టడానికి ఎలాగూ లేదు కాబట్టి అసలు రిటర్నే మానేద్దామనుకుంటున్నాడు.

ఈ సంపాదకీయం రాయాలనిపించింది ఆ చివరి మాట విన్నాకే. 20,000 డాలర్ల పన్ను బాకీ ఉందనుకోండి. రిటర్న్ వేయకపోతే నెలకు 5 శాతం, అంటే 1,000 డాలర్ల పెనాల్టీ. అయిదు నెలల్లో అది 25 శాతానికి చేరుతుంది. రిటర్న్ వేసి డబ్బు మాత్రం కట్టలేకపోతే నెలకు అర శాతం, 100 డాలర్లు. చేతిలో చిల్లిగవ్వ లేకపోయినా గడువులోగా కాగితం పంపినవాడికీ పంపనివాడికీ అంత తేడా. ఫారం 4868తో అక్టోబరు 15 దాకా వాయిదా పడేది రిటర్న్ వేయడమే. డబ్బుకు గడువు ఏప్రిల్ 15నే ముగుస్తుంది. వడ్డీ వేరే. 2025లో అది ఏడాదికి 7 శాతం, రోజువారీ చక్రవడ్డీ. అయినా క్రెడిట్ కార్డు వడ్డీ కన్నా నయమే. కార్డు గీకి ఐఆర్‌ఎస్‌కు కట్టేవాళ్లు, 401(కె) రిటైర్మెంట్ ఖాతా ముందే విరగ్గొట్టి దాని మీద మళ్లీ పన్నూ, 10 శాతం జరిమానా కట్టేవాళ్లు పొయ్యిలోంచి పెనం మీదకి కాదు, పెనం మీంచి పొయ్యిలోకి దూకుతున్నారు.

ఇక బయటపడే దారులు. ఆరు నెలల్లో సర్దగలిగితే 180 రోజుల గడువు అడగొచ్చు, దానికి ఫీజు లేదు. అంతకంటే ఎక్కువ కాలం కావాలంటే నెలవారీ వాయిదాలు. బకాయి 50,000 డాలర్లలోపు ఉంటే ఐఆర్‌ఎస్ వెబ్‌సైట్‌లో మనమే పెట్టుకోవచ్చు. సకాలంలో రిటర్న్ వేసినవాళ్లు వాయిదాల్లో ఉన్నంతకాలం ఆ అర శాతం పెనాల్టీ పావు శాతానికి తగ్గుతుంది. ముందు మూడేళ్లూ రికార్డు శుభ్రంగా ఉంటే పెనాల్టీని మొదటిసారి మాఫీ చేయమని అడిగే వీలుంది. చాలామంది అడగరు. ఉద్యోగం పోయి తిండికీ అద్దెకూ చాలనప్పుడు, ఆ సంగతి చూపిస్తే వసూలు ప్రయత్నాలు కొంతకాలం ఆపుతారు. వడ్డీ మాత్రం ఆగదు.

అందరూ ఆశగా అడిగేది ఆఫర్ ఇన్ కాంప్రమైజ్ గురించి. డాలరుకి పది సెంట్లు కట్టి బయటపడండనే ప్రకటనలు మనవాళ్లకి రుణమాఫీలా వినిపిస్తాయి. అది రుణమాఫీ కాదు. ఇంట్లో మీ ఈక్విటీ, కార్లు, రిటైర్మెంట్ ఖాతాలు, ఖర్చులు పోను మిగిలే జీతం, అన్నీ లెక్కగట్టి, మీ దగ్గర నిజంగా ఇంతకంటే రాలదని తేలితేనే ఒప్పుకుంటారు. శంకర్‌పల్లిలో కొన్న ప్లాటూ ఆ లెక్కలో చూపించాల్సిందే. దరఖాస్తుకు 205 డాలర్లు, ఏకమొత్తంగా తీరుస్తామంటే ఇస్తామన్న దాంట్లో 20 శాతం ముందే పంపాలి. తిరస్కరించినా ఆ డబ్బు వెనక్కి రాదు. ఇద్దరూ సాఫ్ట్‌వేర్‌లో ఉన్న ఇంటికి ఇది కుదరడం అరుదు. ఆ సంగతి ముందే చెప్పకుండా వేలకు వేలు ఫీజు గుంజేవాళ్లకి దూరంగా ఉండండి. అర్హత ఉందో లేదో చూసుకునే పరికరం ఐఆర్‌ఎస్ వెబ్‌సైట్‌లో ఉచితంగా ఉంది. ఆదాయం తక్కువగా ఉన్నవాళ్లకి లో ఇన్‌కమ్ టాక్స్‌పేయర్ క్లినిక్‌లు చాలావరకు పైసా తీసుకోకుండా వాదిస్తాయి. మన తల్లిదండ్రుల్లో, విద్యార్థుల్లో చాలామందికి ఇవి పనికొస్తాయి.

పార్టీల్లో వినిపించే ఇంకో ఉపాయం ఉంది. వసూలుకు పదేళ్లే గడువు కదా, ఇండియా వెళ్లి కూర్చుంటే సరి అని. ఎడతెగకుండా ఆరు నెలలు దేశం బయట ఉంటే ఆ గడియారం ఆగుతుంది. పౌరసత్వం ఉన్నవాళ్లకి బకాయి 2025 లెక్కన 64,000 డాలర్లు దాటి ముదిరితే పాస్‌పోర్టుకే ఎసరు. పౌరసత్వానికి దరఖాస్తు చేసేవాళ్లనైతే పన్ను బాకీ ఉందా అని ఎన్-400 ఫారం సూటిగా అడుగుతుంది. ఉందని చెప్పి వాయిదాల ఒప్పందం, కట్టిన రసీదులు చూపించడం వేరు, కవరు చింపని మనిషి అక్కడ నిలబడడం వేరు.

మా వంతు తప్పూ ఒప్పుకోవాలి. ఏటా మన సంఘం టాక్స్ సెమినార్ పెడుతుంది. అందులో వినిపించేదంతా రిఫండూ, ఆదా చేసే చిట్కాలే. బాకీ పడ్డవాళ్లు ఏం చేయాలో ఒక్కసారీ చెప్పించలేదు. ఆ ప్రశ్న హాల్లో లేచి ఎవరడుగుతారు, పక్క వరసలో వియ్యంకుడి తమ్ముడు కూర్చుని ఉంటే? రాశిఫలాల్లో అవమానం అంకె విని నవ్వే మనమే, నిజంగా దాని నీడ పడితే నోరు కట్టేసుకుంటాం. వచ్చే సెమినార్‌లో పేరు రాయకుండా చీటీ మీద ప్రశ్న వేసే ఏర్పాటు చేద్దామని కార్యవర్గాన్ని కోరుతున్నాను.

ఆ సాయంత్రం కారు బానెట్ మీద మూడు కవర్లూ చింపాం. మూడూ ఒకే బాకీకి వరస హెచ్చరికలు. హియరింగ్ అడగడానికి 30 రోజుల గడువిచ్చే ఆఖరి నోటీసు ఇంకా రాలేదు. మొత్తం 18 వేల చిల్లర. "నేను 40 దాటి ఉంటుందనుకున్నానన్నా" అన్నాడు. ఇంతలో ఫోన్ మోగింది, హాల్లోంచి మరదలు. ఎక్కడున్నావని అడిగినట్టుంది.

"ఇక్కడే, కారు దగ్గర. నువ్వే ఒకసారి ఇటు రా" అన్నాడు.