తెర మీది గుర్తును గుడ్డిగా నమ్మొద్దు

బీఎస్సీ మ్యాథ్స్ అయిపోయి ఉద్యోగం కోసం తిరుగుతున్న రోజులవి. మైపాడు దగ్గర రొయ్యల చెరువుల నీళ్లు పరీక్ష చేసే ఒక చిన్న ల్యాబులో కంప్యూటర్ పనికి కుదిరాను. టెక్నీషియన్ పంపిన ఫైలు తెరిచి, రైతు పేరు, చెరువు నంబరు సరిచూసి ప్రింట్ తీసివ్వడమే నా పని. ఒకరోజు సెలైనిటీ అంకె పక్కన ఖాళీ పెట్టె కనబడింది. 18□ అని ఉంది. గుర్తు ఎగిరిపోయిందిలే, పర్సెంటే అయ్యుంటుంది అనుకుని % కొట్టి ఇచ్చేశాను.

కాగితం చూసి రైతు నవ్వాడు. "అబ్బయ్యా, పద్దెనిమిది పర్సెంటంటే ఇంక రొయ్యలెందుకు? చెరువులో ఉప్పే పండించుకుంటాలే" అన్నాడు.

అక్కడ ఉండాల్సింది ‰. అంటే వెయ్యికి ఇంత అని. రైతులు పీపీటీ అనేది దాన్నే. సముద్రపు నీళ్లలోనే ఉప్పు వెయ్యికి 35 వంతులు, అంటే మూడున్నర శాతం ఉంటుంది. నేను ఇచ్చిన కాగితం ప్రకారం ఆ చెరువు మన సముద్రం కంటే అయిదింతలు ఉప్పగా ఉండాలి. ఆయనకు నీళ్లు తెలుసు కాబట్టి తప్పు పట్టేశాడు. లెక్కల్లో డిగ్రీ ఉన్న నేను తెరను నమ్మి, తెలియని చోట ఊహించి నింపాను.

ఈ సంగతి ఇప్పుడెందుకంటే, చిన్నదో పెద్దదో, మీరు చేరబోయే చాలా ఉద్యోగాల్లో ఇలాంటి పెట్టె ఒకటి ఎదురవుతుంది. దాన్ని ఊహతో నింపేవాళ్లున్నారు, ఆగి అడిగేవాళ్లున్నారు. ఆగి అడగడం కూడా ఒక స్కిల్లే అని నా అభిప్రాయం. దాన్ని ఏ కోచింగ్ సెంటరూ నేర్పదు.

గుర్తు ఎందుకు మారుతుంది?

కంప్యూటర్‌కు అక్షరం తెలియదు, నంబరే తెలుసు. ఆ నంబరుకు ఏ బొమ్మ గీయాలో ఫాంట్ చెబుతుంది. పాత మెటీరియల్‌లో లెక్కల గుర్తుల కోసం 'సింబల్' అనే ఫాంట్ ఎక్కువగా వాడారు. అందులో 214వ స్థానంలో √ ఉంటుంది. అదే నంబరుకు మామూలు ఇంగ్లిష్ ఫాంట్ నెత్తిన రెండు చుక్కలున్న 'ఓ' అక్షరం గీస్తుంది. ఫైలు ఇంకో కంప్యూటర్‌కు వెళ్లి ఫాంట్ మారిపోతే వర్గమూలం కాస్తా జర్మన్ అక్షరం అయిపోతుంది. ≤ పోయి £ వస్తుంది. ∞ బదులు ¥ వస్తుంది.

వీటితో పెద్ద ప్రమాదం లేదు. చూడగానే ఏదో తేడాగా ఉందని తెలిసిపోతుంది. తప్పులా కనబడని తప్పుతోనే అసలు ప్రమాదం. ≥ గుర్తు ³ గా మారుతుంది. 'ఎక్స్ 2 కంటే ఎక్కువ లేదా సమానం' అన్నది ఎక్స్ ఘనం పక్కన 2 లాగా కనబడుతుంది. సింబల్ ఫాంట్‌లో ఓమ్ గుర్తు ఉన్న చోట మామూలు ఫాంట్‌లో డబ్ల్యూ ఉంటుంది. పది ఓమ్‌ల నిరోధం పది వాట్లు అయి కూర్చుంటుంది. మైక్రోను సూచించే 'మ్యూ' ఉన్న చోట ఎమ్ ఉంటుంది. మైక్రోగ్రాము మిల్లీగ్రాము అయిపోతుంది. అంటే వెయ్యి రెట్ల తేడా. చేత్తో రాసినా ఇదే పొరపాటు జరుగుతుందని, మందుల మోతాదు రాసేటప్పుడు మ్యూ గుర్తు వాడొద్దని అమెరికాలో మందుల భద్రత మీద పనిచేసే ఐఎస్ఎంపీ సంస్థ చెబుతోంది. ఫార్మసీ, లైఫ్ సైన్సెస్ వాళ్లు ఈ ఒక్క విషయం తప్పక గుర్తుపెట్టుకోవాలి.

యూనికోడ్ వచ్చాక ఈ బాధ చాలావరకు తగ్గింది. 1991లో వచ్చిన మొదటి వెర్షన్ నుంచీ దాని సూత్రం ఒకటే, ప్రతి అక్షరానికీ సొంత నంబరు ఉండాలి. మన 'అ' నంబరు 3077. √ నంబరు 8730. ఇద్దరూ ఒకే కుర్చీ కోసం కొట్టుకోరు. కానీ నంబరు ఉన్నంత మాత్రాన మీ ఫోన్లోని ఫాంట్‌లో ఆ బొమ్మ ఉండాలని లేదు. లేకపోతే పెట్టె కనబడుతుంది. పూర్వం మనవాళ్లు నాలుగో వంతుల లెక్కలు రాసుకున్న తెలుగు భిన్నాల గుర్తులకు 2008లో యూనికోడ్‌లో చోటు దొరికింది. వాటిని చూపించలేని ఫాంట్లు ఇప్పటికీ ఉన్నాయి.

ఇంకోటి, ఘాతాలు. వర్డ్‌లో 2 పక్కన 10ని చిన్నగా చేసి పైకి ఎక్కిస్తాం. అది వట్టి అలంకారం. దాన్ని కాపీ చేసి వాట్సాప్‌లో పేస్ట్ చేస్తే అలంకారం రాలిపోయి 210 మిగులుతుంది. 1024 అని రావాల్సిన జవాబు ఎక్కడికో పోతుంది. జవాబు కలవక రాత్రంతా బుర్ర బద్దలు కొట్టుకున్న ప్రాక్టీస్ పేపర్లలో కొన్నిటి రహస్యం ఇదే అయ్యుండొచ్చు.

'అది టైపింగ్ వాళ్ల పని' అంటే?

ఈ మాట చాలామంది అంటారు. నేనూ అన్నాను. కానీ ఓమ్ పోయి వాట్ వచ్చిందని ఎవరు పట్టుకోగలరు? ఆ లెక్క తెలిసినవాళ్లే. టైపు చేసినవాళ్లకు రెండూ గుర్తులే. 1977లో డొనాల్డ్ నూత్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త తన పుస్తకం కొత్త ఎడిషన్ ప్రూఫులు చూశారు. లెక్కల అచ్చు అధ్వానంగా ఉంది. 'ప్రెస్ వాళ్లు చూసుకుంటారులే' అని వదిలేయలేదు. సొంతంగా 'టెక్' అనే సాఫ్ట్‌వేర్ రాయడం మొదలుపెట్టారు. దాని మీద కట్టిన లేటెక్‌తోనే ఇవాళ ప్రపంచంలో గణిత పరిశోధన పత్రాలు ఎక్కువగా తయారవుతున్నాయి. మనకు దగ్గర్లోని చెన్నైలో విదేశీ జర్నల్స్‌కి టైప్‌సెట్టింగ్, ప్రూఫ్ పనులు చేసే కంపెనీలు ఉన్నాయి. లెక్కలు తెలిసి, లేటెక్ కూడా వచ్చిన అభ్యర్థికి అక్కడ ఒక అడుగు ముందుంటుంది. డిగ్రీ మ్యాథ్స్ చేసి 'నాకే ఉద్యోగం వస్తుంది' అని దిగులుపడేవాళ్లు ఇటువైపు కూడా ఓసారి చూడండి.

సాఫ్ట్‌వేర్‌లోనూ ఇంతే. పీడీఎఫ్ నోట్స్ నుంచి పైథాన్ కోడ్ కాపీ చేస్తే ఒక్కోసారి ఎర్రర్ వస్తుంది. కారణం అందులోని మైనస్ కీబోర్డు మీద ఉన్న హైఫన్ కాకపోవడం. చూడటానికి రెండూ ఒకటే గీత, నంబర్లు వేరు. 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా'కు సంబంధించిన ఒక తెలుగు అక్షరాల కూర్పు మెసేజ్‌లో వస్తే ఐఫోన్లలో యాప్‌లు మూతపడ్డాయి. ఆపిల్ అదే నెలలో ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి సరిచేయాల్సి వచ్చింది. మన అక్షరం తెరమీద ఎలా పడుతుందో పరీక్షించే మనిషి పెద్ద కంపెనీకి కూడా అవసరమే అని దీన్నిబట్టి తెలియడం లేదా?

పరీక్ష పెట్టేవాళ్లకూ ఒక మాట

తప్పంతా అభ్యర్థి మీదకు నెట్టడం న్యాయం కాదు. ఎంసెట్ ఆంధ్రప్రదేశ్‌లో 2017లో, తెలంగాణలో 2018లో కంప్యూటర్ పరీక్ష అయింది. జేఈఈ మెయిన్ ఇంజినీరింగ్ పేపర్ 2019 నుంచి పూర్తిగా తెర మీదే. కంపెనీల ప్లేస్‌మెంట్ టెస్టులు సరేసరి. ప్రశ్న తయారుచేసినాయన తన కంప్యూటర్‌లో చూసుకుంటే చాలదు. అభ్యర్థి చూసే తెర మీదే, అదే సాఫ్ట్‌వేర్‌లో, ఆ సబ్జెక్టు తెలిసిన మనిషి ఒకసారి చదవాలి. జేఈఈ మెయిన్‌లో కీ మీద అభ్యంతరం చెప్పాలంటే ప్రశ్నకు 200 రూపాయలు కట్టాలి. గుర్తు తప్పుగా పడిన ప్రశ్నకు కూడా విద్యార్థే డబ్బు కట్టి నిరూపించుకోవాలా? ఊళ్లో కూలి చేసుకునే ఇంటి పిల్లకు ఆ 200 చిన్నదేం కాదు. కాలేజీలు, కోచింగ్ సెంటర్లు కూడా పాత ఫైళ్లను చూడకుండా జిరాక్స్‌కి పంపడం మానాలి.

అంతవరకూ మన జాగ్రత్త మనది. పరీక్షలో పెట్టె గానీ, అర్థంలేని గుర్తు గానీ కనబడితే ఊహించొద్దు. చెయ్యెత్తి ఇన్విజిలేటర్‌కు చూపించండి, ప్రశ్న నంబరు గుర్తుపెట్టుకోండి. ఆ ఒక్కదాని దగ్గరే టైమ్ పోగొట్టుకోకుండా ముందుకెళ్లండి. రెజ్యూమె, ప్రాజెక్ట్ రిపోర్టు ఎప్పుడూ ఫాంట్లు లోపలే ఉండేలా పీడీఎఫ్ చేసి, పంపేముందు స్నేహితుడి ఫోన్లో తెరిచి చూడండి. లెక్క ఎక్కడైనా పేస్ట్ చేశాక ఘాతం, మైనస్, రూట్, ప్రమాణం, ఈ నాలుగూ ఉన్నాయో లేదో చూసుకోండి. రెండు నిమిషాల పని.

అన్నిటికంటే ముందు, వచ్చిన జవాబు నమ్మేలా ఉందా అని మిమ్మల్ని మీరు అడగండి. ఆ రైతు చేసింది అదే. ఆయనకు ఫాంట్ అంటే ఏమిటో తెలియదు, యూనికోడ్ పేరు వినలేదు. తన చెరువులో ఎంత ఉప్పుంటుందో మాత్రం తెలుసు. ఆ తర్వాత నేను ల్యాబు రిపోర్టులో గుర్తు తీసేసి 'వెయ్యికి 18' అని అక్షరాల్లో రాయించాను. అలా రాస్తే ఏ కంప్యూటర్‌లో తెరిచినా ప్రమాణం ఎగిరిపోదు, ఏ రైతుకైనా అర్థమవుతుంది.