తీగకు తెలిసినది మెట్టుకు తెలియదు

సితారుకు సెన్సార్లు అమర్చి, వాదకుని చేతి కదలికతోనే ప్రక్కనున్న సింథసైజరును సైతము పలికించు ప్రదర్శన మొకటి ఈ వారము వీడియోలో చూపినంతనే, నాకు గురుతుల్యులైన వైణికులొకరు “ఇది సంగీతము కాదు, కరెంటు పని” యని మొగము త్రిప్పుకొనిరి. వారియెడ నాకు గల గౌరవము తగ్గలేదు కాని, ఆ మాట మాత్రము నన్ను విడువకున్నది.

24 మెట్లను దండిపై మైనముతో స్థిరముగా నిలిపి, సర్వరాగములను ఒకే వీణపై వాయించు వీలు కల్పించిన ఘనత తంజావూరు రఘునాథ నాయకునిదని మన సంప్రదాయము చెప్పుచున్నది. రాగమునకు తగినట్లు మెట్లను జరుపుకొనుటకు అలవాటుపడిన చేతులకు ఆనాడు అదియు కొత్త యంత్రమే.

2004లో అజయ్ కపూర్, ఆయన సహచరులు ప్రకటించిన ఎలక్ట్రానిక్ సితారును పరిశీలింపుడు. మెట్టుకు మెట్టుకు నడుమ రెసిస్టర్లు వరుసగా కూర్పబడినవి. తీగ ఏ మెట్టును తాకినదో వోల్టేజిని బట్టి కంప్యూటరు గ్రహించును. మీటు చేతి బొటనవ్రేలి ఒత్తిడిని వేరొక సెన్సారు కొలుచును. మీటునది మనిషి చేయియే, మ్రోగునది తీగయే. అయితే గాంధారపు మెట్టుపై తీగను ప్రక్కకు లాగి మధ్యమమును అందుకొను గమకమును ఆ రెసిస్టర్ల వరుస యెరుగదు. దానికి తెలిసినది మెట్టొక్కటే. ఆ లాగుడును పట్టవలెనన్నచో తీగ నాదమునే విడిగా గ్రహించి శ్రుతిని లెక్కింపవలెను. లెక్కించిన పిదప, ఏది గమకమో, ఏది అపస్వరమో నిర్ణయింపగలవాడు ఇంజనీరు కాడు, వైణికుడే. అతడే మొగము త్రిప్పుకొన్నచో ఆ వాద్యమునకు గమకము నేర్పువారెవ్వరు?

వాకిటికి వచ్చినదానిని మనము ఇదివరలో ఒకసారి వదలుకొంటిమి. 1969లో అహమదాబాదు నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌లో అమెరికన్ సంగీతజ్ఞుడు డేవిడ్ ట్యూడర్ మూగ్ సింథసైజరును నెలకొల్పగా, గీతా సారాభాయ్ మొదలగువారు దానిపై రచనలు చేసిరి. కొద్ది యేండ్లకే ఆ ప్రయత్నము ఆగిపోయెను. ఆ టేపులు దశాబ్దములు మరుగునపడియుండి, పాల్ పర్గాస్ అను బ్రిటిష్ కళాకారుని చొరవతో 2023లో గాని ఆల్బముగా వెలువడలేదు.

టేపుల మాట వచ్చినది గనుక నా చిరకాలపు బాధను చెప్పక తప్పదు. టేపు తేమకును వేడికిని ఓర్వదు. వైణికులైన ఈమని శంకరశాస్త్రిగారి తరమువారి కచేరీలను ముందువరుసలో కూర్చుండి రికార్డు చేసికొన్న రసికులు మన ఊళ్ళలో ఉండిరి. వారి రీళ్ళు నేడు అటకలపై బూజుపట్టి, ఇల్లు మారునపుడు పాతసామానులవాని బండి నెక్కుచున్నవి. రేపటి వాద్యము గమకమును నేర్వవలసినది ఆ రీళ్ళనుండియే గదా! యంత్రము సంగీతమును చంపునని వాపోవు మనము, యంత్రము భద్రపరచి యిచ్చిన సంగీతమును మన చేతులతోనే పారవేయుచున్నాము.

పాఠకులారా! మీ యింట అట్టి రీలు ఒక్కటి యున్నను, రాబోవు వానకాలమునకు ముందే దానిని డిజిటల్ రూపమునకు మార్పించి, ఒక ప్రతిని సమీపమునందలి సంగీత కళాశాలకు ఒసగుడు.