ముఖ్యమంత్రి ఎవరైనా సరే, ఆ అరవై రోజులు ఎవరివి?

2029లో శాసనసభ ఎన్నికలు రావలసి ఉన్నది. ఎన్నికలంటే చాలు, బనగానపల్లె, కోయిలకుంట్ల టీకొట్లలో ఒకటే లెక్క మొదలవుతుంది: మళ్లీ బాబేనా, జగన్ వస్తాడా, పవన్ కల్యాణ్ ఎటు? అవుకు, సంజామల, కొలిమిగుండ్ల పల్లెల్లో చేలకు పోయే కూలోళ్ల నోట కూడా ఇదే మాట. అందులో తప్పేమీ లేదు. రాష్ట్రాన్ని ఏలేదెవరో కష్టజీవి ఆలోచించక ఎవరాలోచించాలి?

అయితే ఒక సంగతి మరుగున పడుతున్నది. 'ముఖ్యమంత్రి అభ్యర్థి' అనేది ఓటు యంత్రం మీద లేని పదవి. అమెరికాలో రాష్ట్ర గవర్నర్ని జనమే నేరుగా ఎన్నుకుంటారు. బనగానపల్లె ఓటరు ఎన్నుకునేది మాత్రం ఒక్క శాసనసభ్యుణ్ణి. 175 మందిలో 88 మంది ఎవరి వెనక నిలబడితే గవర్నరు వారిని పిలుస్తారు. మంత్రులను ఆ మనిషే ఏరుకుంటాడు. 2003 నాటి రాజ్యాంగ సవరణ ప్రకారం తనతో కలిపి 26 మందికి మించకూడదు, అంతే. ఉపముఖ్యమంత్రి పదవి ఊసు రాజ్యాంగంలో లేనే లేదు. అది పొత్తుల బేరం.

ఈ సంగతి మన జిల్లావాళ్లకు వేరొకరు చెప్పనక్కరలేదు. కర్నూలు రాజధానిగా ఉన్న రోజుల్లో, 1954 నవంబరులో, ప్రకాశం పంతులు ప్రభుత్వం ఒక్క ఓటు తేడాతో కూలిపోయింది. ఉమ్మడి కర్నూలు జిల్లా నుంచి ముఖ్యమంత్రులైన ఇద్దరూ, 1960లో దామోదరం సంజీవయ్య, 1982లోనూ 1992లోనూ కోట్ల విజయభాస్కర రెడ్డి, ఎన్నికల్లో ముఖం చూపి గెలిచి ఆ కుర్చీ ఎక్కినవాళ్లు కారు. మధ్యలో వచ్చినవాళ్లు. 1978లో ఓటేసిన జనం అయిదేళ్లలో నలుగురు ముఖ్యమంత్రులను చూశారు. 1984 ఆగస్టులో ఎన్.టి. రామారావును దించేస్తే జనం వీధుల్లోకి వచ్చి నెల రోజుల్లో తిరిగి తెచ్చుకున్నారు. 1994లో అదే మనిషి ముఖం చూసి ఓటేస్తే, ఏడాది తిరగకుండా 1995లో ఎమ్మెల్యేలు చంద్రబాబు వెనకకు చేరిపోయారు. ఆ కూలి జనాన్ని ఎవరూ అడగలేదు.

కనుక 'ముఖ్యమంత్రిని చూసి ఓటెయ్యండి, ఇక్కడ నిలబడ్డవాణ్ణి చూడొద్దు' అనే ప్రచారం మోసం అంటున్నాము. ఇక్కడ నిలబడ్డవాడి సంగతి? నియోజకవర్గం ఏర్పడ్డాక 2009, 2014, 2019, 2024 నాలుగు ఎన్నికల్లోనూ సీటు కాటసాని రామిరెడ్డి, బి.సి. జనార్దన్ రెడ్డి ఇద్దరి మధ్యనే అటూ ఇటూ మారింది. 2024లో జనార్దన్ రెడ్డి మంత్రి కూడా అయ్యారు. మన మండలాల్లో జెండా మోసేవాడు కూలోడు, జైలుకు పోయేవాడు కూలోడు. వర్గాల కక్షల్లో తలలు పగిలింది కూడా ఎక్కువగా వాళ్లవే.

సరే, ప్రభుత్వం మారితే కూలోడికి ఏం మారింది? జగన్మోహన్ రెడ్డి ప్రభుత్వం రైతు భరోసా కింద ఏడాదికి 13,500 అన్నది. చంద్రబాబు నాయుడు ప్రభుత్వం అన్నదాత సుఖీభవ కింద 20,000 అన్నది. రెండిట్లోనూ కేంద్రం ఇచ్చే 6,000 కలిసే ఉన్నది. పట్టా లేని, గుత్తకు కూడా సెంటు భూమి చేయని కూలోడు రెండిట్లోనూ లేడు. గుత్త రైతు పేరుకు ఉన్నాడు. కానీ 2019లో వచ్చిన పంట సాగుదారుల హక్కుల చట్టం భూయజమాని సంతకం అడిగింది. సంతకం పెట్టే భూస్వామిని మేమైతే అరుదుగా చూశాము.

ఇక అసలు మాట. 2005 నాటి ఉపాధి హామీ చట్టం స్థానంలో పార్లమెంటు 2025 డిసెంబరులో 'వికసిత్ భారత్ - జి రామ్ జి' చట్టం చేసింది. 100 రోజుల పనిని 125 రోజులకు పెంచామన్నారు. ఖర్చులో 40 శాతం రాష్ట్రం నెత్తిన పెట్టారు. విత్తే కాలంలో, కోత కాలంలో కలిపి ఏడాదికి 60 రోజులు పని ఆపాలన్నారు. ఆ రోజులేవో ముందుగా ప్రకటించవలసింది రాష్ట్ర ప్రభుత్వం. అంటే ముఖ్యమంత్రి, ఆయన మంత్రివర్గం.

ఇందులో కిటుకు కూలోడికి ఇట్టే అర్థమౌతుంది. ఉపాధి పని ఉంటేనే కదా కూలి గిట్టదని అనగలిగేది? ఆ తలుపు మూస్తే ఇచ్చింది పుచ్చుకోవలసిందే. పోనీ కోతల్లో చేతినిండా పని ఉంటుందా? మన నల్లరేగళ్లలో యాసంగికి వేసేది శనగ. నంద్యాల పరిశోధన స్థానమే 'ధీర' అనే ఎన్.బి.ఇ.జి. 47 రకాన్ని తెచ్చింది. అది నిటారుగా పెరుగుతుంది, యంత్రంతో కోయవచ్చు. విజ్ఞానాన్ని మేము తప్పుపట్టము. కానీ యంత్రం కోసే చేనుకు కూలీలు కరువైపోతారని ఉపాధి పని ఆపడం ఏమి న్యాయం? మూడెకరాల చిన్నరైతు కూడా ఈ మాయలో పడగూడదు. అతణ్ణి ముంచుతున్నది శనగ ధర, ఎరువు ధర, వడ్డీ. పక్కింటి కూలోడి పైసలు కావు.

ఆ 40 శాతం ఏ పద్దు నుంచి తెస్తారు? ఆ 60 రోజులు నిర్ణయించేటప్పుడు వ్యవసాయ కార్మిక సంఘాన్ని పిలుస్తారా? మన మండలాలకు ఏ తేదీలు పెడతారు? కూటమి మనిషి వచ్చినా, వైసీపీ మనిషి వచ్చినా పేటలో నిలబెట్టి ఇవే అడగండి. మా నాయకుణ్ణి అడిగి చెప్తానంటే సరే అనండి. జవాబు మాత్రం కరపత్రంలో అచ్చువేసి తెమ్మనండి.