ప్రణవనాదమా? అయితే అంకె చెప్పండి

విశ్వమంతటా నిండియున్న సూక్ష్మతరంగ నేపథ్య వికిరణమే ప్రణవనాదమనీ, ఋషులు దానిని ఏనాడో విన్నారనీ మా తిరుపతి ఉపన్యాస వేదికలపై తరచు వింటున్నాను. జీవితమంతా తెలుగు పంతులుగా గడిపినవాణ్ణి. వేదమంటే నాకు భక్తి తక్కువ కాదు. ఆ భక్తితోనే ఈ మాటను ఖండిస్తున్నాను.

మొదట, అది నాదం కాదు, వెలుగు. విశ్వం పుట్టిన సుమారు 3,80,000 ఏండ్లకు వేడి తగ్గి పరమాణువులు ఏర్పడగా, అంతదాకా చిక్కుపడిన కాంతి బయల్వెడలింది. దాదాపు 1380 కోట్ల ఏండ్లు ప్రయాణించి 2.725 కెల్విన్లకు చల్లారింది. తొలినాటి పదార్థంలో శబ్దతరంగాలు ఉండిన మాట నిజమే. వాటి జాడలను ప్లాంక్ ఉపగ్రహం కొలిచింది కూడా. ఆ కొలతలలో అకార ఉకార మకారాలు లేవు.

ఇక ప్రమాణం సంగతి. ఆ వికిరణం సుమారు 5 కెల్విన్లు ఉండాలని ఆల్ఫర్, హెర్మన్ 1948లోనే లెక్కకట్టారు. 1964లో పెంజియాస్, విల్సన్‌లకు తమ యాంటెన్నాలో ఎంతకూ పోని రొద ఒకటి తగిలింది. పావురాల రెట్టను సైతం కడిగి చూశారు, రొద పోలేదు. హేత్వాభాసలను ఒక్కొక్కటిగా తొలగించుకోవడమంటే ఇదీ! మన ఉపన్యాసకులో, అన్నీ తేలిన పిదప శ్లోకానికి కొత్త అర్థం చెబుతున్నారు. ముందే తెలిసియుంటే ఆ అంకె ఏది?

పోనీ, మనవైపు చూసేవారే లేరా? మా గాదంకిలో 1024 యాగీ యాంటెన్నాల రాడార్ 53 మెగాహెర్ట్జ్ వద్ద వాతావరణాన్ని పరిశీలిస్తుంది. ఆ పౌనఃపున్యంలో పాలపుంత హోరే వేల కెల్విన్లు. అందులో ఈ గుసగుసను వేరుచేయడం దానివల్ల కాదు. ఏ వెలుగుకు ఆ కన్ను కావాలి. బెంగళూరు రామన్ పరిశోధన సంస్థవారు తమ 'సరస్ 2' పరికరాన్ని అనంతపురం సీమలోని టింబక్టుకు తెచ్చారు. తొలి నక్షత్రాల కాలపు హైడ్రోజన్ ఈ వికిరణంపై వేసిన ముద్ర కోసం 63 గంటలు వెదికారు. ముద్ర దొరకలేదని 2017లో ప్రకటించి, దొరకకపోవడం వల్లనే కొన్ని సిద్ధాంతాలు నిలవవని తేల్చారు.

"దొరకలేదు" అనగలవానికే దొరికినప్పుడు నమ్మదగిన నోరు ఉంటుంది. అన్నీ మనకు దొరికిపోయాయని బోధిస్తే, గాదంకి దారిన పోయే బడిపిల్లవాడు ఆ యాంటెన్నాలవైపు తలెత్తి ఎందుకు చూస్తాడు?

సృష్టి ఎట్లు కలిగెనో ఎవరికి తెలుసునన్న సందేహంతోనే ఋగ్వేదంలోని నాసదీయ సూక్తం ముగుస్తుంది. ఆ ప్రశ్నకు వారసులు టింబక్టులో యాంటెన్నా నిలిపినవారు. జవాబు చేతిలో ఉన్నట్లు మైకు పట్టుకొన్నవారు కారు.