నడుము మీద తిరిగే యంత్రం, ఎవరి చేతిలో ఉందో అడగని చట్టం

మెడను రెండు చేతులతో పట్టుకుని ఒక్కసారిగా తిప్పడం, 'కటక్'మని శబ్దం రావడం, రోగి మొహంలో ఆశ్చర్యం. ఈ వీడియోలకు యూట్యూబ్‌లో, ఇన్‌స్టాగ్రామ్‌లో లక్షల్లో వ్యూస్ వస్తున్నాయి. వాటి వెనకే మన నగరాల్లో కైరోప్రాక్టిక్ బోర్డులూ వెలిశాయి. వీడియోకెక్కని భాగం ఒకటుంది. ఆ తిప్పుడుకు ముందో తర్వాతో చాలాచోట్ల నడుముకు జెల్ పూసి, అల్ట్రాసౌండ్ ప్రోబ్‌ను కొన్ని నిమిషాలు గుండ్రంగా తిప్పుతారు. సిట్టింగుల ప్యాకేజీలో దానికీ ఒక ధర ఉంటుంది.

గర్భిణులకు చేసే స్కానింగ్‌కూ దీనికీ పేరొక్కటే, పని వేరు. అది బొమ్మ తీస్తుంది, ఇది లోపలి కణజాలాన్ని వేడెక్కిస్తుంది. సాధారణంగా 1 లేదా 3 మెగాహెర్ట్జ్ తరంగాలు వాడతారు. 3 అయితే చర్మానికి దగ్గర్లోనే ఆగిపోతుంది, 1 అయితే కొన్ని సెంటీమీటర్ల లోతుకు వెళ్తుంది. ఒకేచోట ఉంచితే కాలే ప్రమాదం ఉంది కనుక ప్రోబ్‌ను కదుపుతూనే ఉండాలి. వేడికి రక్తప్రసరణ పెరుగుతుంది, బిగిసిన కండరం సడలుతుంది, నొప్పి తగ్గుతుంది అన్నది దీని వెనకున్న వాదన.

వినడానికి బాగానే ఉన్న ఈ వాదన పరీక్షకు నిలవలేదు. 1975 నుంచి 1999 వరకు వచ్చిన 35 ట్రయల్స్‌ను 2001లో ఇద్దరు పరిశోధకులు సమీక్షించారు. పద్ధతి సరిగ్గా ఉన్నవి 10 మాత్రమే అని తేల్చారు. ఆ పదిలో ఎనిమిదింట ఈ చికిత్సకూ, ఉత్తుత్తి చికిత్సకూ తేడా కనిపించలేదు. భుజంలో కాల్షియం పేరుకున్న నొప్పికి, మణికట్టు నరం నొక్కుకుపోయే కార్పల్ టన్నెల్‌కు మాత్రం కొంత ఫలితం కనిపించింది. కాబట్టి యంత్రం మొత్తంగా దండగ అనలేం. నడుము నొప్పి సంగతి వేరు. 2016లో బ్రిటన్‌కు చెందిన నైస్ సంస్థ దానికి అల్ట్రాసౌండ్ ఇవ్వవద్దని సూటిగానే రాసింది. దీర్ఘకాలిక నడుము నొప్పిపై 2020 నాటి కాక్రేన్ సమీక్షకూ దీన్ని సమర్థించే గట్టి ఆధారం దొరకలేదు. విమర్శ బయటివాళ్ల నుంచే వచ్చిందనుకోనక్కర్లేదు. రోగి కదలకుండా పడుకుని చేయించుకునే ఇలాంటి చికిత్సలు వ్యాయామానికి తోడ్పడితే తప్ప వద్దని 2014లో అమెరికా ఫిజియోథెరపిస్టుల సంఘం, 2017లో అక్కడి కైరోప్రాక్టర్ల సంఘమే తమ సభ్యులకు చెప్పాయి.

మరి ఇక్కడ ఎందుకు ఆగలేదు? నడుము పట్టేస్తే ఎక్కువమందికి కొన్ని వారాల్లో దానంతటదే సర్దుకుంటుంది. ఆ వారాల్లో ఏ యంత్రం కింద పడుకున్నారో, పేరు దానికే దక్కుతుంది. నాలుగు వ్యాయామాలు నేర్పి పంపితే "డబ్బులు తీసుకుని ఏం చేశాడు?" అనేది కూడా మనమే. పుత్తూరు కట్టుకు వెళ్లేవాళ్లను చూసి నవ్వుకునే చదువరులు, డిజిటల్ అంకెలు వెలిగే పెట్టె ముందు మాత్రం ఒక్క ప్రశ్నా అడగరు.

ఇక చట్టం. మన దేశంలో అల్ట్రాసౌండ్ అనగానే గుర్తొచ్చే 1994 నాటి లింగనిర్ధారణ నిషేధ చట్టం గురి స్కానింగ్ యంత్రాల మీద. బొమ్మే తీయని ఈ యంత్రం దాని దృష్టిలో పడదు. 2020 ఏప్రిల్ నుంచి వైద్య పరికరాలన్నీ ఔషధ చట్టం కిందికి వచ్చాయి కానీ, అది పెట్టె నాణ్యతను చూస్తుంది, పట్టుకున్న చేతిని కాదు. చేతిని చూడాల్సింది 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల జాతీయ కమిషన్ చట్టం. అందులో ఫిజియోథెరపీ ఉంది, కైరోప్రాక్టిక్ పేరు లేదు. ఉన్న వృత్తులకైనా రాష్ట్ర కౌన్సిళ్లు సకాలంలో రాలేదు. చివరికి 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు కల్పించుకుని, రెండు నెలల్లో అమలు చేయాలని కేంద్ర, రాష్ట్రాలను ఆదేశించాల్సి వచ్చింది. అమెరికాలో డిగ్రీ, పరీక్ష, లైసెన్సు దాటి వచ్చేవాడు కైరోప్రాక్టర్. ఇక్కడ అలా చదివొచ్చిన వారూ ఉన్నారు, వారాంతపు వర్క్‌షాప్‌తో బోర్డు పెట్టినవారూ ఉండొచ్చు. బోర్డు చూసి రోగి ఆ తేడా కనిపెట్టలేడు.

డబ్బు వృథాతో పోతే ఇంత రాయనక్కర్లేదు. ప్రపంచ క్షయ రోగుల్లో దాదాపు నాలుగో వంతు మన దేశంలోనే ఉన్నారు. క్షయ వెన్నెముకకు పాకితే చాలాసార్లు మొదట కనిపించేది మామూలు నడుము నొప్పే. సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం, రాత్రి నిద్ర లేపే నొప్పి, కాళ్లలో తిమ్మిరి, మూత్రం మీద అదుపు తప్పడం... వీటి గురించి అడగకుండా ప్రోబ్ పెట్టకూడదు. ఇన్ఫెక్షన్, క్యాన్సర్ ఉన్నచోట అల్ట్రాసౌండ్ వద్దని ఫిజియోథెరపీ పుస్తకాలే చెబుతాయి. పుచ్చిపోతున్న వెన్నుపూసను బలంగా తిప్పితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. ప్యాకేజీ పూర్తయ్యే ఆ కొన్ని వారాల్లోనే వెన్నుపాము దెబ్బతిని కాళ్లు పడిపోవచ్చు. మొదట్లోనే పట్టుకుంటే మందులతో నయమయ్యే జబ్బు ఇది.

అలా జరిగితే ఫిర్యాదు ఎవరికి? డాక్టరైతే మెడికల్ కౌన్సిల్ ఉంది. బోర్డు మీద కైరోప్రాక్టిక్ అని మాత్రమే ఉంటే, వినియోగదారుల కమిషన్ గడప ఎక్కాలి, లేదంటే పోలీస్ స్టేషన్‌కు వెళ్లాలి. ఈ రెండు చోట్లా అసలు ఆ చికిత్స చేసే అర్హత అతనికి ఉందో లేదో చెప్పగల రిజిస్టరు లేదు.